మూటలో పట్టని చుక్క

చౌడమ్మవ్వ కాఫీ వద్దంది.

నోటితో అనలేదు. గ్లాసు మీద అరచెయ్యి పెట్టి పక్కకు జరిపింది, అంతే. తెల్లారింది మొదలు ధర్మవరంలో ఆ వీధికంతా వినబడేలా మాట్లాడే మనిషి నోరు కట్టేసుకుందంటే ఆ ఇంటికి అంతకు మించిన ఉపద్రవం లేదు. మనవడి పెళ్లాం యమున ఆ గ్లాసు పట్టుకుని మగ్గాల గది గుమ్మంలోనే నిలబడిపోయింది.

లోపల మగ్గం చప్పుడు లేదు. మామ నరసప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూచున్నాడు గానీ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆయన ముందు కుంకుమరంగు పట్టుచీర కొంగు దాకా వచ్చి ఆగింది. మగ్గం నెత్తిన, ఒకప్పుడు డిజైను పొడిచిన చిల్లుల అట్టలు దండలా వేలాడిన చోట, కరెంటు పెట్టె పచ్చలైటు వెలిగించుకుని ఏ పాపమూ ఎరగనట్టు ఉంది. పక్కన గుడ్డ కప్పిన మగ్గం ఎప్పటిలాగే మూలకు ఉంది. అది యమున మొగుడు మోహన్ వాళ్లమ్మ నేసిన మగ్గం. ఆమె పోయినప్పటి నుంచీ దాని మీద ఎవరూ కూచోలేదు, దాని ఊసు ఎవరూ ఎత్తరు.

"ఏమ్మా, నీ పెట్టె మా చుక్కను మింగేసింది గదా," అన్నాడు నరసప్ప.

"పెట్టె నాది కాదు మామా, అది తయారుచేసిన ప్రసాద్‌ది. నాది దాంట్లో మూట."

"మూటో, మూకుడో. చుక్క యాడుంది?"

పోయిన వారం మగ్గం మీద నుంచి కోసిన చీర కొంగు మూల నిన్న సాయంత్రం తడిమి అవ్వ అడిగింది కూడా ఇదే మాట. అదే ఆమె ఆఖరి మాట. ఆ తర్వాత మౌనవ్రతం.

ఈ ఇంటి చీర ఏదైనా సరే, కొంగు చివర కుడిమూలలో డిజైనుతో సంబంధం లేని ఒంటరి జరీ చుక్క ఒకటి ఉంటుంది. చంటిబిడ్డకు బుగ్గన పెట్టినట్టు చీరకూ దిష్టిచుక్క. అవ్వ అత్తగారి కాలం నాటి ఆనవాయితీ. కొన్నవాళ్లలో చాలామందికి అది కనిపించదు కూడా. అవ్వ వేలికి మాత్రం తెలుస్తుంది. అట్టల కాలంలో ఆమె మొగుడు తన చేత్తో ఒక చిల్లు ఎక్కువ పొడిచేవాడు.

"ఇంగో మాట చెప్తాండా, విను," అన్నాడు నరసప్ప. "చుక్క లేని చీర ఈ గడప దాటదు. సాయంత్రం పెనుకొండ నుంచి ప్రసాద్ వస్తాడు. రేపు వాని పెండ్లాం దీపికకు శ్రీమంతం, ఆ పాపకు కట్టబెట్టాల్సిన చీర ఇది. ఇది గూడా చుక్క లేకుండా వచ్చిందనుకో, అటక మీద నుంచి అట్టలు దించుతా. నీ పెట్టె ప్రసాద్‌కే ఇచ్చి పంపిస్తా."

"మామా, అట్లంటే ఎట్ల? రేపు ప్రసాద్ తన పెట్టెలన్నిటికీ నా కొత్త మూట ఎక్కిస్తాండాడు. మన ఇంట్లోనే పీకేసినారని తెలిస్తే ఎవరు పెట్టుకుంటారు?"

"నాకేం తెలుసు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దోళ్లు."

ఆ మాట యమునకు సూదిలా గుచ్చుకుంది. మగ్గం పెట్టె ఒక్కటే అయితే ఏదో సర్దుకునేది. కానీ 'మూట' అనేది ఆమె, స్నేహితురాలు షహనాజ్ హిందూపురంలో ఫాల్సు కుట్టే అంగడి పైన రెండు గదుల్లో కూచుని కట్టిన కంపైలర్. సమాచారం ఎట్లా ఉంటుందో డెవలపర్లు వరుసగా రాసిస్తే చాలు. దాన్ని ఇవతల చిన్నగా కట్టే ప్రోగ్రామూ, అవతల విప్పే ప్రోగ్రామూ అదే రాసి ఇస్తుంది. చీర డిజైన్లు మగ్గం పెట్టెలకు పోయేది అందులోనే. పాలకేంద్రాల కాటాల్లో అదే, రొద్దం దిక్కు తోటల్లో మోటారు పెట్టెల్లో అదే. రెండో వెర్షన్ కోసం ఇద్దరూ పండగలు, పబ్బాలు మానుకుని పనిచేశారు. మొదటి పెద్ద పరీక్ష ప్రసాద్ పెట్టెలే. అది నెగ్గకపోతే మిగతావాళ్లు మొహం కూడా చూడరు.

ఇంత గొడవ జరుగుతుంటే ఆమె మొగుడు మోహన్ కిటికీ దగ్గర కూచుని జరీ చిక్కు తీస్తున్నాడు. కంప్యూటర్ మీద డిజైన్లు గీసే మనిషికి జరీతో పనేమిటి? పైగా ఆ జరీలో చిక్కు కూడా లేదు.

యమున అది చూసింది. చూసి, ఫోను తీసుకుని మేడెక్కింది.

*

"ఏమే, ఇల్లు ఉండాదా, కూలిందా?" అంది షహనాజ్ హిందూపురం నుంచి.

"కూలే మాదిరే ఉండాది. చుక్క పోయింది."

విషయమంతా విని షహనాజ్ పకపకా నవ్వింది. యమునకు ఒళ్లు మండింది.

"నవ్వు, బాగా నవ్వు. మన మూట తప్పు చేయదు షహనాజ్. నేను పొద్దున్నుంచీ చూస్తాండా. డిజైను వివరం రాసిన దాంట్లో చుక్క అనే మాటే లేదు. అంచు ఉండాది, బుటా ఉండాది, కొంగు ఉండాది. చుక్క లేదు. రాయనిదాన్ని అది ఎట్ల కడుతుంది?"

"మరి ఇన్ని దినాలు ఎట్ల కట్టింది?"

నిజమే, పాత వెర్షన్‌తో వచ్చిన ప్రతి చీరకూ చుక్క ఉంది. ఇంట్లో పెట్టెకు కొత్తది ఎక్కించాకే పోయింది.

"పాతదానికి తోక దగ్గర కొంచెం వదులు," అంది మెల్లగా. "వివరంలో రాయని సామాను చివర ఏదన్నా ఒకటి పెడితే, చూడకుండానే మోసుకుపోయేది. ఒకటి మాత్రమే. రెండోది పెడితే జారిపోతుంది. ఆ వదులే గదా మనం ఈసారి బిగించింది."

"బిగించి ఎగిరి గంతేసింది కూడా నువ్వే."

అవును, గంతేసింది. లెక్కలో లేనిదంతా తీసిపారేస్తే మూట సగానికి సగం చిన్నదైంది. సిగ్నల్ సరిగా అందని చోట కూడా చిటికెలో పోతోంది. అదొక్కటే కాదు. పాతదానికి ఏదైనా నచ్చకపోతే 'తప్పు' అని ఒక్క మాట అని మూతి ముడుచుకునేది. బెంగళూరు డెవలపర్ ఒకడు దానికి మూగ అత్త అని పేరు పెట్టాడు. కొత్తదాంట్లో షహనాజ్ ఆ మూగ అత్తకు నోరిచ్చింది. ఏ వరుసలో తప్పుంది, ఏముండాలి, ఏముంది, బహుశా నువ్వు రాయాలనుకున్నది ఇదేమో నాయనా అని బుజ్జగించి చెబుతుంది.

"అన్నిటికీ నోరు పెట్టినాం," అంది షహనాజ్ నవ్వాపుకుని. "పారేసేటప్పుడు మాత్రం గమ్మున పారేస్తాది. ఏం పారేసిందో చెప్పదు. బాగుందమ్మా మన పని."

యమున వివరం ఫైలు మళ్లీ తెరిచేలోగా షహనాజే అడిగింది.

"సరే గానీ, ఆ చుక్కను తోకలో దాచింది ఎవరు? దానంతట అది నడిచొచ్చి కూచోలేదు గదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు కింద కిటికీ దగ్గర ఉన్నాడు. యమున ఫోను పెట్టేసి మెట్ల దగ్గర నిలబడి పిలిచింది.

"మోహన్! జరీ చిక్కు తీసింది చాలు గానీ, పైకి రా."

*

మోహన్ వచ్చాడు. వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వే గదా?" అంది యమున.

"ఊఁ."

"డిజైనులోనే గీసెయ్యచ్చు గదా?"

"ఆ డిజైన్లు మనకొక్కరికేనా? ఊర్లో ఎన్ని ఇండ్లకు ఇస్తాం! చుక్క మన ఇంటిది. అందరి చీరకూ పడితే అవ్వ నా తోలు తీస్తాది. అందుకని విడిగా చివర పెట్టినా. పెట్టెలో అది నేసే ఏర్పాటు ప్రసాద్ చేసిచ్చినాడు."

"ప్రసాద్‌కూ తెలుసా? ప్రసాద్‌కు తెలుసు, నీకు తెలుసు. మూట కట్టిన నాకు మాత్రం తెలీదు! వివరంలో ఒక్క వరుస రాసి ఉంటే ఈ గొడవే లేదు గదప్పా?"

"రాయల్లంటే నీకు చెప్పల్ల."

"చెబితే?"

మోహన్ కిటికీ వైపు చూశాడు. "పెండ్లయి వచ్చిన కొత్తలో, పెట్టె బిగించిన దినం, నాయన ముందర నువ్వేమన్నావు? నా మూటలో అక్కరలేని చుక్క ఒక్కటి కూడా ఉండదు అన్నావు. అవ్వ అప్పుడే నన్ను పక్కకు పిలిచి, మన చుక్క సంగతేందిరా అనింది. ఇద్దరి మధ్యలో నేనేం చేసేది? నువ్వేమో చదువుకున్నదానివి, దిష్టి గిష్టి అంటే నవ్వుతావేమోనని…"

"నేను నవ్వుతానా?"

"ఏమో. అప్పటికి నువ్వు ఎట్లాంటిదానివో నాకేం తెలుసు?"

యమునకు కోపం తన్నుకొచ్చింది. ఆ వెనకే, ఎంత ఆపుకున్నా ఆగకుండా, నవ్వూ వచ్చింది. అవ్వకు భయపడి, పెళ్లానికి భయపడి, ఒక చుక్కను దొంగసరుకులా దాచి తిప్పిన మగవాణ్ని ఏమనాలి? ఏమీ అనలేక దిండు తీసి విసిరింది. దిండు గోడకు తగిలి కింద పడింది. నవ్వు మధ్యలోనే ఆమెకు మిగతావాళ్లు గుర్తొచ్చారు.

పాలకాటాల వాళ్లు? రొద్దం మోటార్ల వాళ్లు? వాళ్లలో మాత్రం ఇలాంటి మోహన్ ఒకడు ఉండడా? ఎవరి ఇంట్లో ఏ అవ్వ కోసం ఏం దాచుకున్నారో! రేపు కొత్త మూట ఎక్కగానే అన్నీ చడీ చప్పుడూ లేకుండా మాయమవుతాయి. ఇక్కడ తడిమి చూడటానికి అవ్వ వేలు ఉంది. అన్ని చోట్లా ఉండొద్దూ?

మళ్లీ ఫోను తీసింది.

"షహనాజ్, పారేసేది వద్దు. తెలీనిది ఏదన్నా ఉంటే ఉన్నదున్నట్టు మోసుకుపోయి అవతల ఇచ్చేద్దాం. ఒకటి కాదు, ఎన్నుంటే అన్ని. కట్టేటప్పుడే డెవలపర్‌కు చెబుదాం, ఫలానాది వివరంలో లేదు, అయినా మోస్తాండా అని."

"ఏమే, తిక్క గానీ పట్టిందా? మూట మళ్లీ పెద్దదవుతుంది. సగానికి సగం అని ప్రసాద్‌కు మాటిచ్చినాం. రేపు అతను ఎక్కించుకోవల్ల!"

"దాచుకున్నోళ్లకే కొంచెం పెద్దదవుతుంది. దాచుకోనోళ్లకు సగమే."

షహనాజ్ గొంతు తగ్గింది.

"మా అబ్బా సామాను బండి తోలేటోడు. ఎవరి మూట ఎవరిదో, లోపల ఏముందో ఆయనకు అక్కర్లేదు. ఎక్కించింది ఎక్కించినట్టు దించేది. మధ్యలో మూట విప్పి, ఇది అక్కరలేదు అని పారేస్తే రెండోసారి ఎవరన్నా ఆయన బండి పిలుస్తారా? నువ్వు రాయి. నేను ఈడ ఆ కాటాల డేటాతో పరీక్ష పెడతా. ప్రసాద్ వచ్చేలోగా కాకపోతే నన్ను మాత్రం తిట్టొద్దు."

మధ్యాహ్నం అన్నం మేడ మీదికే వచ్చింది. తెచ్చింది నరసప్ప. పళ్లెం పెట్టి, ఆమె భుజం మీదుగా తెర వైపు ఒకసారి తొంగి చూసి, ఏమీ అర్థం కాక, "తిను ముందు," అని దిగిపోయాడు.

*

ప్రసాద్ మోటారుసైకిల్ ఎండ వాలకముందే వచ్చి ఆగింది. గడపలో చౌడమ్మవ్వ కాళ్లు చాపుకుని కూచుని ఉంది.

"ఏమవ్వా, బాగుండావా? చీర అయిందా?"

అవ్వ పలకలేదు. ప్రసాద్ అడుగు వెనక్కు వేసి మోహన్ వైపు చూశాడు. మోహన్ మెడ మీద వేలితో గీసి చూపించాడు. ప్రసాద్‌కు అర్థమైంది. పాపం, మొహం వెలవెలబోయింది.

"పెద్దనాయనా, రేపు పొద్దున్నే శ్రీమంతం. చీర లేకుండా పోతే మా అత్త నన్ను వాకిట్లోనే నిలబెడుతుంది."

"చుక్కను అడుగు, చీర నన్నడుగుతావేందప్పా," అన్నాడు నరసప్ప గుంతలోంచే.

సరిగ్గా అప్పుడు హిందూపురం నుంచి షహనాజ్ ఫోను. "పరీక్ష నెగ్గింది. పాత పెట్టెలు కూడా విప్పుకుంటాండాయి. మోయమంటే కాటా మీద దోమను కూడా మోస్తాండాదమ్మా ఇది. పో, నేయించు!"

యమున ఒక్క పరుగున కిందికి దిగింది. డిజైను మళ్లీ కట్టాలి. ఆ పని మోహన్‌ది. లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని మీట నొక్కాడు. తెర మీద పసుపురంగు వరుసలేవో పడ్డాయి. అవి చదివి మోహన్ ఉలిక్కిపడ్డాడు. యమున వంగి చూడబోయేలోగా టక్కున మూత వేసేశాడు.

"ఏమొచ్చింది?"

"ఏం లే. బాగానే కట్టింది."

పెట్టెకు ఎక్కించారు. నరసప్ప దేవుడి పటం వైపు ఒకసారి చూసి గుంతలోని పలక తొక్కాడు. మగ్గం మోగింది. పొద్దున్నుంచీ మూగబోయిన ఇల్లు ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టయింది. పోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చింది. కొంగు పెరుగుతోంది. అవ్వ గడప వదిలి వచ్చి మగ్గం పక్కన కూచుంది. యమున తన పైటకొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది.

కుడిమూలలో ఒక జరీ పోగు మెరిసింది. దాని మీద ఇంకొకటి. మరొకటి.

"వచ్చె!" అంది అవ్వ.

మొన్నటి కంటే గట్టిగా అంది. ఎదురింటివాళ్లు తలుపు తీసి చూశారు. వేలితో చుక్కను తడిమి, కళ్లకు అద్దుకుని, "యమునా, కాఫీ పెట్టే! పొద్దున్నుంచీ ఎవురన్నా ఇంత కాఫీ ఇచ్చినారా ఈ ముసలిదానికి?" అని దబాయించింది. ప్రసాద్ గట్టిగా నవ్వి నాలుక కరుచుకున్నాడు.

"నాయనా, ఆపు!" అన్నాడు మోహన్ హఠాత్తుగా.

నరసప్ప ఆపలేదు. చేతికి ఊపు వచ్చింది, వయసు మరిచి నేస్తున్నాడు. చుక్క పక్కన ఇంకేదో లేస్తోంది. ముందు చిన్న ముడి. దాని కింద బొద్దుగా, ఉబ్బిన పొట్టలాంటి గుండ్రం. గోరంత ఉంటుందేమో.

"ఇదేందిరా?" అన్నాడు నరసప్ప, ఇప్పుడు ఆపి.

యమున వంగి చూసింది. అది మూట. హిందూపురం ఆఫీసు తలుపు మీద తాను చాక్‌పీసుతో గీసిన మూట. అదే ముడి, అదే పొట్ట.

మోహన్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రసాద్ గోడ వైపు తిరిగి భుజాలు ఊపుతూ నవ్వుతున్నాడు.

"ఎప్పుడు పెట్టినావు?" అంది యమున.

"చుక్క పెట్టిన దినమే. అవ్వది ఒకటి, నీది ఒకటి. ఈ ఇంటి చీర మీద నువ్వు గూడా ఉండల్లని."

"మరి ఇన్ని చీరల్లో యాడా రాలేదే?"

"నీ పాతది ఒక్కటే మోసేది గదా. చుక్క దాకా మోసి, నీ మూటను జారవిడిచేది." మోహన్ నేల చూపులు చూశాడు. "చెబితే, నీ ప్రోగ్రాములో తప్పుందని చెప్పినట్టవుతుంది. అప్పుడు నువ్వు దాన్ని చూసుకుని ఎంత మురిసిపోతాండేదానివి! నాకు మనసొప్పలే. మర్చిపోయినా కూడా. ఇప్పుడు తెర మీద చూస్తే గుర్తొచ్చింది. తీసేద్దామనుకున్నా… చెయ్యి రాలే."

యమునకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన మొదటి మూట, తాను కట్టిన మూట, తన మొగుడు తనకోసం పంపినదాన్నే చీర చీరకూ దారిలో పారేసింది. ఆ సంగతి ఇంత కాలం కడుపులో పెట్టుకుని ఒక్క మాట అనలేదు ఈ మనిషి. పొద్దున దిండు విసిరినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

అందరూ అవ్వ వైపు చూశారు. దిష్టిచుక్క అంటే ఒంటరిగా ఉండాలి. పక్కన తోడు ఉంటుందా? ప్రసాద్ నవ్వు ఆగిపోయింది.

అవ్వ గోరంత మూటను వేలితో ఒకసారి తడిమింది. మళ్లీ తడిమింది.

"దిష్టి సంగతి నా చుక్క చూసుకుంటాది," అంది. "నా మనవడి పెండ్లాం సంగతి వాడు చూసుకోనీ. కత్తెర తేరా ప్రసాదూ, చీర కోయల్ల. దీపికకు పొద్దు పోతాండాది."

*

ప్రసాద్ చీరతో, కొత్త మూటతో పెనుకొండ దారి పట్టాడు. మోహన్ వీధి మలుపు దాకా సాగనంపడానికి వెళ్లాడు. అవ్వ ఎదురింటి అరుగు మీద చేరి జరిగిందాన్ని రెండింతలు చేసి చెబుతోంది.

యమున ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ మగ్గాల గదిలోకి వచ్చింది. నరసప్ప ఇంకా గుంతలోనే ఉన్నాడు. కాలు కదపకుండా, కోసిన పోగుల చివరలు వేళ్లతో సవరిస్తున్నాడు.

"అట్టలు దించాల్నా మామా?" అంది నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "అమ్మా యమునా," అన్నాడు, ఎప్పుడూ లేనంత మెత్తగా. "నీ కొత్తది ఎన్ని మోస్తాదంటివి?"

"ఎన్ని పెడితే అన్ని. ఎందుకు మామా?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. వీధిలోకి చూశాడు. ఎవరూ రావటం లేదు. గుంతలోంచి లేచి, మూలన గుడ్డ కప్పిన భార్య మగ్గం దగ్గరికి నడిచి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఆ గుడ్డ మీద చెయ్యి వేశాడు.

"ఇంగోటి పెట్టచ్చా?"

యమున గ్లాసులు కింద పెట్టేసింది.

"పెట్టచ్చు మామా. ఏది పెడదాం?"

"చెప్తా," అన్నాడు నరసప్ప. గుడ్డ మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "ముందు ఆ తలుపు మూయి. మోహన్‌కు ఇప్పుడే తెలియనీయద్దు."